వర్షారణ్యం ట్రెక్‌కు ఏం కొనాలి, ఏం వదిలేయాలి? బెంగళూరు నుంచి మలెనాడు వెళ్లేవాళ్లకు

జూన్ వచ్చిందంటే బెంగళూరులోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. కుద్రేముఖ్ కొండకు పర్మిషన్ దొరికింది, శుక్రవారం రాత్రి బయల్దేరాలి, మరి ఏం కొనుక్కోవాలి? ఒకరు రెయిన్ జాకెట్ ఉండాల్సిందే అంటారు. ఇంకొకరు తల మీదుగా వేసుకునే వదులు వానకోటు, అదే పాంచో, చాలంటారు. ఊళ్లో పొలం పనులు చూసి పెరిగినవాళ్లు గమ్‌బూట్లు వేసుకుపోదాం అంటారు. ఆటసామాన్లు అమ్మే డెకత్లాన్‌కు వెళ్తే ఒక్కో వస్తువులో ఆరేడు రకాలు, ఐదొందల నుంచి పదివేల దాకా ధరలు. అక్కడే చాలామంది ఆగిపోతారు.

అసలు చిక్కు ఏమిటంటే, నెట్‌లో దొరికే ప్యాకింగ్ లిస్టులు ఎక్కువగా హిమాలయాల ట్రెక్‌ల కోసం రాసినవి. అక్కడ చలి ఎక్కువ, గాలి పొడిగా ఉంటుంది. మలెనాడు అంటే కర్ణాటకలోని పశ్చిమ కనుమల ప్రాంతం. అక్కడి వానాకాలం దీనికి పూర్తిగా వేరు. అక్కడి ఆగుంబే అనే ఊళ్లో ఏడాదికి సగటున 7,000 మి.మీ. పైగా వాన పడుతుంది. మన బెంగళూరులో అది 1,000 మి.మీ. లోపే. జులైలో అక్కడ వాన ఆగడం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే రోజంతా కూర్చోవాల్సిందే. పైగా గాలిలో అంత తేమ ఉన్నప్పుడు చెమట ఆరదు. పైనుంచి వాన, లోపలి నుంచి చెమట.

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే: వర్షారణ్యంలో తడవకుండా నడవడం కుదరదు. తడిసినా వణకకుండా, చర్మం ఒరుసుకుపోకుండా నడవడం కుదురుతుంది. రాత్రికి ఒక జత బట్టలు ఖచ్చితంగా పొడిగా ఉంచుకోవడం కుదురుతుంది. డబ్బు ఈ రెండింటికీ పెట్టాలి. ఒంటి మీద చుక్క పడకూడదనే పట్టుదలకు పెట్టిన డబ్బు మాత్రం వృథా.

ఏ వస్తువునైనా ఏ లెక్కన చూడాలి

కొట్లో వస్తువు చేతిలో పట్టుకున్నప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి. ఇది తడిస్తే ఎంతసేపట్లో ఆరుతుంది? వేసుకుని ఎక్కుతుంటే లోపల ఎంత ఉక్కపోస్తుంది? చెట్ల కింద సరే, గట్టు మీదికి చేరాక గాలికి నిలుస్తుందా? జలగలను ఆపుతుందా, లేక వాటికి దారి ఇస్తుందా? తడిశాక ఎంత బరువెక్కుతుంది?

చివరి ప్రశ్నను చాలామంది వేసుకోరు. కొట్లో తేలిగ్గా ఉన్న జీన్స్, మందపాటి హుడీ, కాటన్ సాక్సులు తడిశాక కాళ్లకు రాళ్లు కట్టుకున్నట్టు ఉంటాయి.

ఇంకోటి, ఎక్కడికి వెళ్తున్నారన్నది కూడా ముఖ్యమే. ఆగుంబే చుట్టుపక్కల నడక ఎక్కువగా చెట్ల కిందే. కుద్రేముఖ్ అలా కాదు. ముల్లోడి ఊరి నుంచి మొదలై, వాగులు దాటి, షోలా అనే లోయల్లోని దట్టమైన అడవి గుండా వెళ్లి, పైన బయలుగా ఉన్న గడ్డి కొండల మీదికి తేలుతుంది. శిఖరం 1,890 మీటర్లకు పైనే. రానుపోను ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. కింద ఉక్క, పైన ఈదురుగాలి, రెండూ ఒకే రోజులో చూస్తారు. కాబట్టి ఆగుంబేకు పనికొచ్చింది అక్కడ పనికిరాకపోవచ్చు.

పైనుంచి వానకు: జాకెట్, పాంచో, గొడుగు

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

జాకెట్ల మీద 2,000 మి.మీ., 5,000 మి.మీ., 10,000 మి.మీ. అని రాసి ఉంటుంది. ఆ గుడ్డ మీద అంత ఎత్తున నీళ్లు నిలబెట్టినా కారదని దాని అర్థం. 2,000 మామూలు వానకు సరిపోతుంది. కానీ భుజాల మీద బ్యాగ్ పట్టీలు నొక్కే చోట ఒత్తిడి ఎక్కువ కాబట్టి ముందు అక్కడే కారడం మొదలవుతుంది. రోజంతా బ్యాగ్ వేసుకుని నడిచేవాళ్లు అంతకన్నా పై రకం చూడటం మంచిది. కుట్ల మీద లోపలి వైపు టేప్ అతికించి ఉందో లేదో కూడా చూడండి. టేప్ లేకపోతే అంకె ఎంత పెద్దదైనా కుట్ల గుండా నీళ్లు దిగుతాయి.

ఖరీదైన జాకెట్లు అమ్మేటప్పుడు చెప్పే రెండో మాట, ఇది చెమటను బయటికి వదులుతుంది అని. ఆ మాట నిజమే, కానీ షరతు ఉంది. లోపలి ఆవిరి బయటికి పోవాలంటే లోపలి కన్నా బయటి గాలిలో తేమ బాగా తక్కువ ఉండాలి. జులైలో ఆగుంబే అడవిలో గాలే తేమతో నిండిపోయి ఉంటుంది. దానికి తోడు జాకెట్ పైగుడ్డ నాని, దాని మీద నీటి పొర కట్టేస్తే ఆవిరికి దారే ఉండదు. పదివేల రూపాయల జాకెట్ అయినా రెండువేల రూపాయల జాకెట్ అయినా ఎక్కుడులో లోపల చొక్కా తడిసి ముద్దవుతుంది. మీరు ఎక్కువ డబ్బు పెట్టదలిస్తే చంకల కింద జిప్పులు ఉన్నదానికి పెట్టండి. ఆ రెండు జిప్పులు తెరిస్తే వచ్చే గాలి ఏ గొప్ప గుడ్డా ఇవ్వదు. గట్టు మీద గాలి కొట్టేటప్పుడు మాత్రం జాకెట్‌కు సాటి లేదు. తడిసిన ఒంటికి చల్లగాలి తగలకుండా ఆపేది అదొక్కటే.

పాంచో సంగతి వేరు. అది ఒంటితో పాటు బ్యాగ్‌నూ కప్పేస్తుంది, కింద తెరిచే ఉంటుంది కాబట్టి గాలి ఆడుతుంది, ధర తక్కువ. నూరు రూపాయల పల్చటి ప్లాస్టిక్‌ది మాత్రం కొనకండి. మొదటి ముళ్ల కంపకే చిరిగిపోయి ఆ ముక్కలు అడవిలోనే పడతాయి. నైలాన్‌దో పాలిస్టర్‌దో తీసుకోండి. దీని లోపాలు రెండు. గాలికి తెరచాపలా లేచి మొహం మీద పడుతుంది. దిగేటప్పుడు పాదం ఎక్కడ పెడుతున్నామో కనిపించదు, ఈ రెండోది ప్రమాదం కూడా. నడుము చుట్టూ ఒక తాడు కట్టుకుంటే రెండూ చాలావరకు అదుపులోకి వస్తాయి. ఆ తాడు ఇంటి దగ్గరే బ్యాగ్‌లో వేసుకోండి.

గొడుగును ట్రెక్కర్లు చిన్నచూపు చూస్తారు గానీ, చెట్ల కింద వెడల్పాటి బాటలో దాన్ని మించింది లేదు. ఉక్కపోయదు, కళ్లద్దాలు తడవవు, ఫోన్ తీసి ఫోటో తీసుకోవచ్చు. కానీ ఒక చెయ్యి దానికే పోతుంది. జారుడు దారిలో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. గడ్డి కొండ మీద గాలికి తిరగబడుతుంది, ఉరుములున్నప్పుడు బయలులో గొడుగు ఎత్తుకుని నిలబడటం అసలు తగదు.

| చూడాల్సింది | జాకెట్ | పాంచో | గొడుగు |
|---|---|---|---|
| ఎక్కేటప్పుడు ఉక్క | ఎక్కువ, చంక జిప్పులుంటే మధ్యస్థం | తక్కువ | దాదాపు లేదు |
| గట్టు మీద గాలికి | బాగా నిలుస్తుంది | తాడు కడితే ఫరవాలేదు | పనికిరాదు |
| బ్యాగ్‌కు రక్షణ | లేదు | ఉంది | కొంచెం |
| చేతులు ఖాళీ | అవును | అవును | కాదు |
| దిగేటప్పుడు పాదాలు కనిపించడం | బాగా | కష్టం | బాగా |
| ధర | మధ్యస్థం నుంచి చాలా ఎక్కువ | తక్కువ | తక్కువ |

నన్ను ఒక్కటే చెప్పమంటే, కుద్రేముఖ్ లాంటి దారికి రెండు మూడు వేల రూపాయల లోపు, చంక జిప్పులున్న జాకెట్ చాలు. ఆగుంబే నడకలకు గొడుగు, బ్యాగ్‌లో మడిచి పెట్టిన పాంచో. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు హుడ్ కింద ముందుకు అంచున్న టోపీ పెట్టుకోండి, హుడ్ కళ్ల మీదికి జారదు, చినుకులు అద్దాల మీద పడవు.

కాళ్లకు ఏం వేసుకోవాలి

నీళ్లు లోపలికి పోవని గ్యారంటీ ఇచ్చే వాటర్‌ప్రూఫ్ షూ చూడగానే ఇక టెన్షన్ లేదనిపిస్తుంది. అడుగు నుంచి, పక్కల నుంచి నీళ్లు పోవు, నిజమే. కానీ కుద్రేముఖ్ దారిలో వాగు దాటేటప్పుడు నీళ్లు మడమ పైదాకా వస్తాయి. పైనుంచి లోపలికి పోయిన నీళ్లను ఆ షూ అంతే గట్టిగా లోపలే పట్టి ఉంచుతుంది. అడుగడుక్కీ చప్పుడు చేస్తూ, బరువెక్కి, మలెనాడు తేమలో రాత్రంతా పెట్టినా ఆరదు. చలికాలంలో, పొడి దారుల్లో అది మంచి షూ. జులై వాగులకు కాదు.

జాలీ గుడ్డతో చేసిన ట్రెయిల్ షూ మొదటి పది నిమిషాల్లోనే తడుస్తుంది. కానీ నడుస్తుంటే నీళ్లు బయటికి పిండుకుపోతాయి. తేలిక. హోమ్‌స్టేలో పొయ్యి గదికి దగ్గరగా పెడితే తెల్లారేసరికి వేసుకోదగ్గ స్థితికి వస్తుంది. కొనేటప్పుడు అడుగు భాగం చూడండి. బురదలో పట్టు దొరకాలంటే అడుగున పొడుచుకొచ్చిన గట్లు నాలుగైదు మిల్లీమీటర్ల లోతు, ఒకదానికొకటి ఎడంగా ఉండాలి. మట్టి వాటి మధ్య ఇరుక్కోకుండా రాలిపోతుంది. పాచి పట్టిన రాయి మీద మాత్రం గట్ల కన్నా రబ్బరు మెత్తదనమే కాపాడుతుంది. బొటనవేలి గోరుతో నొక్కితే కాస్త లొంగే రబ్బరు మంచిది. కబ్బన్ పార్కులో పరిగెత్తే రోడ్డు షూ ఇక్కడ రెండు రకాలుగానూ మోసం చేస్తుంది.

గమ్‌బూట్ల గురించి ఊరివాళ్లు చెప్పేది తేలిగ్గా కొట్టేయకండి. మలెనాడులో తోట పనులకు వాడేది అవే. జలగలకు మోకాలి కింది దాకా అడ్డం, ఆకుల్లో కనిపించకుండా పడుకునే పింజరి జాతి పాములకూ అంతే. ఇది చిన్న విషయం కాదు. మన దేశంలో వాడే పాము విషం విరుగుడు ప్రధానంగా నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ తయారైంది. మలబార్ పిట్ వైపర్ లాంటి ఈ అడవుల పింజరి జాతి పాములకు అది పని చేయదు. కాటు పడకుండా చూసుకోవడమే దారి. అయితే గమ్‌బూట్లతో పొడవైన ఎక్కుడు ఎక్కితే మడమ లోపల కదిలి బొబ్బలెక్కుతుంది, చీలమండ వంగదు, మోకాలి లోతు వాగులో నీళ్లు నిండితే కూర్చుని కుమ్మరించుకోవాల్సిందే. చదునైన దారుల్లో మూడు నాలుగు గంటల నడకకు ఇవి ఉత్తమం. ఇరవై కిలోమీటర్లకు కాదు. కేఆర్ మార్కెట్ దగ్గర హార్డ్‌వేర్ కొట్లలో తక్కువ ధరకే దొరుకుతాయి. ఒక సైజు పెద్దవి తీసుకుని, మందపాటి సాక్సులు వేసి చూసి కొనండి.

పట్టీల శాండిల్స్ హోమ్‌స్టేలో తిరగడానికి రెండో జతగా ఉండాలి. ట్రెక్‌కు వద్దు.

జలగల సంగతి

అందరూ భయపడేది దీనికే. అందుకే అమ్మేవి కూడా ఎక్కువే. ఉప్పు మూట, పొగాకు, సున్నం, డెట్టాల్, రకరకాల స్ప్రేలు, లీచ్ సాక్సులు. పూత ఏదైనా వానలో ఎంతసేపు నిలుస్తుందన్నదే ప్రశ్న. పొగాకు, సున్నం కలిపి కాళ్లకు పూసుకునే అలవాటు అక్కడ ఉంది, పని చేస్తుంది కూడా. కానీ ఎడతెరిపి లేని వానలో కడుక్కుపోతుంది, మళ్లీ మళ్లీ పూయాలి. లీచ్ సాక్సుకు ఆ గొడవ లేదు. ఇది దగ్గర నేత గుడ్డతో కుట్టిన సంచి లాంటిది. మామూలు సాక్సు మీద వేసుకుని, ప్యాంటు అంచు అందులోకి దోపి, మోకాలి కింద తాడుతో బిగిస్తారు. లేత రంగుది తీసుకుంటే పైకి పాకే జలగ కనిపిస్తుంది, వేలితో విదిలించేయొచ్చు. ఫుట్‌బాల్ సాక్సులు దీనికి బదులు కావు. అల్లిక సాగినప్పుడు సందుల్లోంచి సన్న జలగ దూరిపోతుంది. నా లెక్కలో ట్రెక్ మొత్తంలో తక్కువ డబ్బుకు ఎక్కువ నిశ్చింత ఇచ్చే వస్తువు ఇదే.

పట్టుకున్న జలగను లాగకండి, దాని మీద ఉప్పు వేయకండి. ఉప్పు పడితే అది కడుపులోది గాయంలోకి కక్కుతుంది, దాంతో పుండు పడొచ్చు. సన్నగా ఉన్న కొన చూడండి, నోరు ఆ వైపు ఉంటుంది. ఆ కొన పక్కన చర్మాన్ని ఒక వేలితో బిగదీసి పట్టుకుని, రెండో చేతి గోరును చర్మానికి ఆనించి అడ్డంగా తోయండి. పట్టు వదులుతుంది. వెంటనే రెండో కొననూ అలాగే తోసి దూరంగా విసిరేయండి, లేకపోతే మీ వేలికే అంటుకుంటుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కాబట్టి చాలాసేపు కారుతుంది, భయపడొద్దు. కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకోండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు మాత్రం బయల్దేరే ముందే డాక్టర్‌ను అడగాలి.

వానలు పోయాక జలగలు తగ్గుతాయి గానీ, అప్పుడు చూసుకోవాల్సింది పిడుదులను. శివమొగ్గ వైపు కోతి జ్వరం వ్యాపించేది వాటివల్లే, ఎక్కువగా డిసెంబర్ నుంచి మే దాకా. ఆ నెలల్లో వెళ్తే ఒళ్లంతా కప్పే బట్టలు, కీటకాలను తరిమే పూత తప్పనిసరి.

బ్యాగ్ లోపల పొడిగా

రెయిన్ కవర్ ఒక్కదాన్నే నమ్ముకోవడం చాలామంది చేసే పొరపాటు. అది బ్యాగ్ ముందు భాగాన్నే కప్పుతుంది. వీపు మీదుగా కారే నీళ్లు పట్టీల వైపు నుంచి లోపలికి ఇంకుతాయి. కవర్ అడుగున నీళ్లు చేరి, బ్యాగ్ అందులోనే నానుతుంది.

దానికన్నా బ్యాగ్ లోపల ఒక మందపాటి పాలిథిన్ సంచి వేసి, సామాను అందులో పెట్టడం నయం. సామాను వేశాక గాలి బయటికి నొక్కేసి, మూతిని తాడులా మెలిపెట్టి, ఆ మెలికను వెనక్కి మడిచి రబ్బరు బ్యాండ్ వేయాలి. మడవకుండా ముడి వేస్తే ముడి సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. మాటిమాటికీ తెరవాల్సిన ఫోన్, పవర్ బ్యాంక్, మందులకు విడిగా నీళ్లు చొరబడని చిన్న సంచి, అంటే డ్రై బ్యాగ్, ఒకటి కొనుక్కోండి. దాని మూతిని మూడుసార్లు చుట్టి క్లిప్ వేస్తే చాలు. అన్నిటికీ డ్రై బ్యాగులే కొంటే ఖర్చు పెరుగుతుంది తప్ప పెద్ద తేడా రాదు. రెయిన్ కవర్ బ్యాగ్‌తో పాటే వచ్చి ఉంటే బురద అంటకుండా వేసుకోండి. పాలిథిన్ సంచిని మాత్రం తిరిగి ఇంటికి తెచ్చుకోవాలి.

బట్టలు

కాటన్ వద్దు. ఇది ఎవరైనా చెప్పేదే, కాబట్టి పొడిగించను. ఆటలకు వేసుకునే పాలిస్టర్ జెర్సీ, పల్చటి నైలాన్ ప్యాంటు చాలు, కొత్తగా కొననక్కర్లేదు. తొడలు ఒరుసుకునేవాళ్లు లోపల బిగుతు షార్ట్స్ వేసుకుని, బయల్దేరేటప్పుడే వాజిలిన్ రాసుకోవాలి.

వెచ్చదనానికి డౌన్ జాకెట్టా, ఫ్లీసా అని అడిగితే సందేహం లేకుండా ఫ్లీస్. డౌన్‌లో ఉండేది ఈకల నూగు, తడిస్తే ఉండకట్టి వేడిని పట్టి ఉంచలేదు. ఫ్లీస్ అంటే మెత్తటి పాలిస్టర్ నూగు గుడ్డ, తడిసినా పిండి వేసుకోవచ్చు. ఉన్నిదీ ఆ గుణమే. మన గొర్రెల కాపరులు వానలో గొంగడి కప్పుకుని మందతో తిరిగేది ఊరికే కాదు, తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఉన్ని ఒంటికి చల్లగా తగలదు. ఇంట్లో పాత ఉన్ని స్వెటర్ ఉంటే అదే తీసుకెళ్లండి.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

శృంగేరి శారదాంబ దర్శనానికి అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్లి, పనిలో పనిగా ఆగుంబే చూసేవాళ్లకు పెద్ద కొనుగోళ్లు అక్కర్లేదు. గొడుగులు, పిల్లలకు గమ్‌బూట్లు, పెద్దవాళ్లకు పట్టున్న చెప్పులు, అందరికీ లీచ్ సాక్సులు, కారులో ఒక్కొక్కరికి ఒక పొడి జత. పెద్దవాళ్ల చేతికి గొడుగు కన్నా ఊతకర్ర ముఖ్యం. అటువంటప్పుడు వాళ్లకు పాంచో ఇవ్వండి.

శుక్రవారం రాత్రి టెంపో ట్రావెలర్ ఎక్కి, శనివారం కుద్రేముఖ్ ఎక్కి దిగి, ఆదివారం రాత్రికి మారతహళ్లి పీజీలో ఉండే బ్యాచ్‌కు జాకెట్, జాలీ ట్రెయిల్ షూ, లీచ్ సాక్సులు. పొడి జతను హోమ్‌స్టేలోనే వదిలి వెళ్తారు కాబట్టి ఇరవై లీటర్ల బ్యాగ్ సరిపోతుంది. అందులో నీళ్లు, తిండి, ఫ్లీస్, హెడ్‌ల్యాంప్. ఫోన్ టార్చ్ సరిపోదా అని అడుగుతారు. వానలో, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని దిగడం ఎందుకు? తిండికి పులిహోరను మించింది లేదు, సాయంత్రం దాకా పాడవదు, చల్లారినా తినబుద్ధవుతుంది. స్టీల్ డబ్బాలో పెట్టుకోండి, ప్రవేశం దగ్గర బ్యాగులు వెతికి వాడి పారేసే ప్లాస్టిక్ తీసేయిస్తారు.

నాలుగైదు రోజులు అక్కడే ఉండి కప్పలు, పాములు, పక్షుల ఫోటోలు తీసేవాళ్ల అవసరం వేరు. వాళ్లు నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. గమ్‌బూట్లు, గొడుగు, పాంచో, ఫ్లీస్, కెమెరాకు మంచి డ్రై బ్యాగ్, అందులో సిలికా జెల్ పొట్లాలు. సాక్సులు మూడు జతలు అదనంగా. పాదాలు రోజుల తరబడి తడిలో నానితే చర్మం తెల్లబడి చీలుతుంది. రాత్రి పూట తుడిచి, పౌడర్ చల్లి, పొడి సాక్సులు వేసుకునే పడుకోవాలి.

కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా

బెంగళూరులో ట్రెక్ సామాను అద్దెకిచ్చే కొట్లు చాలా ఉన్నాయి. పెద్ద బ్యాగ్, ఊతకర్రలు, హెడ్‌ల్యాంప్ అద్దెకు తెచ్చుకోవచ్చు. షూ వద్దు, వేరొకరి పాదానికి అలవాటైన షూ తడిలో బొబ్బలు తెస్తుంది. జాకెట్ అద్దెకు తీసుకునేటప్పుడు కొట్లోనే భుజం మీద దోసెడు నీళ్లు పోసి చూడండి. ముత్యాల్లా జారిపోతే తీసుకోండి, గుడ్డ నల్లబడి నానితే పైపూత అరిగిపోయిందని అర్థం.

మీ సొంత జాకెట్‌కూ ఇదే వర్తిస్తుంది. తిరిగొచ్చాక బురద కడిగి, తక్కువ సబ్బుతో ఉతికి, కంఫర్ట్ లాంటి బట్టలు మెత్తబరిచే ద్రవాలేవీ వేయకుండా నీడలో ఆరేయండి. పూర్తిగా ఆరకముందే మడిచి అల్మారాలో పెడితే లోపలి పూత పొరలు పొరలుగా ఊడి, వచ్చే జూన్‌కు పనికిరాకుండా పోతుంది.